ఆరు నిమిషాల జాగ్రత్త

గోరకల్లు జలాశయం దగ్గర నా డ్రోన్ పడిపోయిన సాయంత్రం గాలి కూడా పెద్దగా లేదు. 249 గ్రాముల బుల్లి యంత్రం అది. బరువు 250 దాటకపోతే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం దాన్ని నానో అంటారు. ఎగరేసే ముందు చెయ్యాల్సిన పనులన్నీ చేశాను. రెక్కల అంచు వెంట బొటనవేలి గోరు జరిపి చూశాను. సన్నని గీటు ఉన్నా గోరుకు తగులుతుంది. ఎక్కడా తగల్లేదు. బ్యాటరీని బండ మీద పెడితే కుదురుగా నిలిచింది, అంటే ఉబ్బు లేదు. ఉపగ్రహాల లెక్క సరిపోయింది. సిగ్నల్ తెగితే తిరిగొచ్చే ఎత్తు పక్కనున్న గుట్ట కంటే పైకే పెట్టాను. నీళ్ళ మీద ఎండ వాలే వేళకు ఒక్క ఫొటో తీసుకుని దించేద్దామనుకున్నాను.

అది పైన ఉండగా తెర మీద ఎర్రగా ఒక హెచ్చరిక వచ్చింది, దిక్సూచిలో తేడా ఉందని. ఎదురెండకు అక్షరాలు సరిగ్గా కనబడలేదు. భుజం మీది తువ్వాలు తీసి నీడ పట్టి, వంగి చదివాను. చదివిందే మళ్ళీ చదివాను. ఏం చెయ్యాలో కింద రాసి ఉంటుందేమోనని వేలితో పైకి జరిపాను. ఏమీ లేదు. తలెత్తి చూస్తే ఆకాశంలోనూ ఏమీ లేదు.

దిక్సూచి తప్పితే డ్రోన్ ఒక్కసారిగా పడిపోదు. ఉన్నచోటనే నిలబడాలని చూస్తుంది, కానీ ఏ వైపు జరిగితే నిలబడతానో దానికి తెలియదు. సరిదిద్దుకోబోయి ఇంకా పక్కకు పోతుంది. చుట్టు తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ చుట్టు పెద్దదవుతుంది. నా కళ్ళు తెర మీద ఉన్న ఆ కాసేపూ అది అలా తిరుగుతూ గుట్ట మీది బండకు తగిలింది. గంటన్నర వెతికాక గొర్రెలు కాసే పిల్లాడొకడు తెచ్చిచ్చాడు. ఒక చెయ్యి విరిగిపోయింది. కెమెరా సన్నటి తీగకు వేలాడుతోంది.

"రాతికి కొట్టుకోని పడింది న్నా. నేను చూస్తానే ఉన్నా. నువ్వు చూడల్యా?"

చూస్తూనే ఉన్నాను. తెరను.

జాగ్రత్తగా ఎగరేస్తే డ్రోన్ పడకుండా ఉంటుందా అని కొత్తగా కొన్న కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు. అడిగిన ప్రతిసారీ నా చూపు ఈశాన్యానికి పోతుంది. మా ఊరు పాణ్యంలో నిలబడితే పడమర ఎర్రమల, తూర్పున నంద్యాల దాటాక నల్లమల. ఈశాన్యంగా, ఆత్మకూరు అవతల అడవిలో ఒక గుట్ట ఉంది. పావురాల గుట్ట. నేను చెప్పాల్సిన జవాబు ఆ గుట్ట మీద ఉంది.

2009 సెప్టెంబర్ 2, బుధవారం. మా వైపు మబ్బు పట్టి ఉంది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ఆ ఉదయం ఎనిమిదిన్నర దాటాక హైదరాబాద్ బేగంపేట నుంచి హెలికాప్టర్‌లో చిత్తూరు జిల్లాకు బయల్దేరారు. అంతకు మూడు నెలల ముందే, మే 20న, రెండోసారి ప్రమాణం చేశారు. జూలైలో అరవై ఏళ్ళు నిండాయి. ప్రభుత్వం ఇస్తున్నవి జనానికి అందుతున్నాయా లేదా ఊరి మధ్య కూర్చుని జనం నోటే విందామని రచ్చబండ అనే కార్యక్రమం పెట్టారు. మొదటి రచ్చబండ చిత్తూరు జిల్లా అనుపల్లెలో. రచ్చబండ అంటే ఊరి చెట్టు కింద పెద్దమనుషులు కూర్చునే రాతి అరుగు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఆ మనిషి అధికారంలోకి నడిచి వచ్చాడు. 2003 ఎండల్లో, ఏప్రిల్‌లో చేవెళ్ళలో మొదలుపెట్టి జూన్‌లో ఇచ్ఛాపురం దాకా నడిచాడు. ఆయన రాజకీయాలు నచ్చినవారూ నచ్చనివారూ ఆ నడకను మాత్రం కాదనలేదు. మండుటెండలో వందల ఊళ్ళ మట్టి తొక్కిన కాళ్ళు అవి. ఆ రోజు కాళ్ళ కింద నేల లేని చోట, ఒక ఇనుప గూట్లో, వాన మబ్బుల మధ్య ప్రయాణం ముగిసింది.

హెలికాప్టర్ బెల్ 430. లోపల ఐదుగురు. ముఖ్యమంత్రి, ఆయన ప్రత్యేక కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, ప్రధాన భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్ కెప్టెన్ ఎస్.కె. భాటియా, కోపైలట్ కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి. ఆ రోజు గురించి మాట్లాడేటప్పుడు ఒక్క పేరే చెప్పుకోవడం మనకు అలవాటైంది. ఐదు ఇళ్ళలో దీపం ఆరింది.

తొమ్మిదిన్నర కాకముందే హెలికాప్టర్ కృష్ణ దాటి నల్లమల మీదికి వచ్చాక దాని జాడ పోయింది. మధ్యాహ్నానికి పాణ్యం బస్టాండు ఎదుట టీకొట్టు టీవీ ముందు జనం నిలబడిపోయారు. టీ తాగడానికి వచ్చినవాళ్ళు గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మరిచారు. ఎక్కడో దిగి ఉంటాడు, వానకు ఆగి ఉంటాడు, అడవిలో ఫోన్లు పలకవు కదా అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అడవి తెలిసినవాళ్ళు మాత్రం ఏమీ మాట్లాడలేదు. వానాకాలపు నల్లమలలో పట్టపగలే పది అడుగుల అవతల మనిషి కనబడడు.

దేశం తన దగ్గరున్నవన్నీ వెతుకులాటకు దించింది. వేల మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు, పోలీసులు, వైమానిక దళం హెలికాప్టర్లు, సుఖోయ్ యుద్ధవిమానం, పైనుంచి ఫొటోలు తీసే ఇస్రో ఉపగ్రహం. అడవి దారులు తెలిసిన చెంచులు కూడా కదిలారు. ఆ రాత్రి వాన తగ్గలేదు. మర్నాడు ఉదయం వైమానిక దళం హెలికాప్టర్‌కు రుద్రకొండ ప్రాంతంలో పావురాల గుట్ట మీద శకలాలు కనిపించాయి. దిగడానికి చోటు లేదు. కమాండోలు తాళ్ళ మీద జారి దిగారు. ఐదుగురిలో ఎవరూ మిగల్లేదు. దేహాలను కర్నూలు ఆస్పత్రికి తెచ్చారు. సెప్టెంబర్ 4న ఇడుపులపాయలో ఆయన్ను మట్టిలో కలిపారు.

ఇదంతా తెలుగువాళ్ళకు తెలిసిందే. తెలియాల్సినంతగా తెలియనిది ఆ తర్వాత వచ్చిన విచారణ నివేదికలో ఉంది. ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని కమిటీ హెలికాప్టర్‌లోని రికార్డర్లను విని, లెక్కలు కట్టి రాసింది. ఆ నాళ్ళలో ఊళ్ళలో రకరకాల మాటలు పుట్టాయి, కుట్ర అన్నవాళ్ళూ ఉన్నారు. నివేదిక చెప్పిన కారణం మాత్రం అంతకన్నా మామూలుది. మామూలుది కావడం వల్లే నాకు ఇంకా భయం వేస్తుంది.

గాలిలో ఉండగా ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌లో ఏదో తేడా కనిపించింది. పైలట్లు దాన్ని వదిలెయ్యలేదు. అజాగ్రత్తగా ఉన్నవాళ్ళయితే చూసీ చూడనట్టు పోయేవాళ్ళు. వీళ్ళు నియమం తెలిసినవాళ్ళు, పుస్తకం తీశారు. ఇలాంటి తేడా వస్తే ఏం చెయ్యాలో అత్యవసర సూచనల్లో వెతికారు. వాళ్ళకు కావాల్సింది అందులో దొరకలేదు. అయినా వెతికారు. ఆ వెతుకులాట ఆరు నిమిషాలకు పైగా సాగింది.

ఆరు నిమిషాలంటే నేల మీద టీ మరిగే సమయం. గంటకు రెండువందల కిలోమీటర్లు దాటే వేగంలో అది ఇరవై కిలోమీటర్లు. పాణ్యంలో పుస్తకం తెరిచి, నంద్యాల దాటాక తలెత్తినట్టు. ఆ ఆరు నిమిషాల్లో వాళ్ళు తమ దారికి ఎడమగా జరిగారు. ముందర క్యుములోనింబస్ మబ్బులు పర్వతాల్లా లేచి ఉన్నాయి. వాతావరణ రాడార్ ఎర్రగా చూపిస్తోంది. వెనక్కి తిరగాలనో, పక్కకు మళ్ళాలనో ఆలోచన రాలేదని కమిటీ రాసింది. ఎలా వస్తుంది? వాళ్ళ మనసంతా ఆయిల్ ప్రెషర్ మీద ఉంది.

క్యుములోనింబస్ లోపల ఏం జరుగుతుందో మా రైతులకు పుస్తకం లేకుండానే తెలుసు. వడగళ్ళ వానకు ముందు ఉన్నట్టుండి చల్లగాలి నేలను గుద్దుకుని నలుదిక్కులకు చీలుతుంది. చేలో వరికుప్ప లేచిపోతుంది. అది మబ్బులోంచి కూలిన గాలి. ఆ గాలిలో ఇరుక్కున్న హెలికాప్టర్ రెక్కలు సవ్యంగానే తిరుగుతుంటాయి, ఎత్తు కోసం పెనుగులాడుతూనే ఉంటాయి. కానీ అది ఏ గాలిని పట్టుకుని పైకి లేవాలో ఆ గాలే నేలకు రాలుతోంది. హెలికాప్టర్ నిమిషానికి పదివేల అడుగులకు మించిన వేగంతో దిగింది. మన లెక్కలో గంటకు 180 కిలోమీటర్లు, నిట్టనిలువుగా. చివరి క్షణాల్లో కోపైలట్ "గో అరౌండ్" అని కేకలు వేశారు. మళ్ళీ పైకి లేపు అని. ఆ కేక వినిపించేసరికి లేవడానికి గాలీ లేదు, తిరగడానికి చోటూ లేదు.

ఆ నివేదిక సారాంశం మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి నాకు డ్రోన్ లేదు, అలాంటిది నా చేతికి వస్తుందన్న ఊహా లేదు. ఇద్దరు అనుభవజ్ఞులు ఒకే పుస్తకం మీదికి వంగిన దృశ్యం మాత్రం కళ్ళ ముందు నిలిచిపోయింది. ఏళ్ళ తర్వాత గోరకల్లు గట్టున తువ్వాలు నీడలో నేనూ అలాగే వంగాను. నాది పోయినా 249 గ్రాములే. పోలిక పెట్టడం తప్పని కొందరంటారు. ప్రాణం విలువలో పోలిక లేదు, ఒప్పుకుంటాను. వంగిన మెడలో పోలిక ఉంది.

వాళ్ళను అజాగ్రత్తపరులని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనిషి జాగ్రత్త ఒక టార్చిలైటు లాంటిది. ఒకచోట వేస్తే ఇంకోచోట చీకటి. 1972 డిసెంబర్ 29 రాత్రి అమెరికాలో మయామీకి చేరబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానంలోనూ అదే జరిగింది. ముందు చక్రం దిగినట్టు చూపించే చిన్న బల్బు వెలగలేదు. బల్బు మాడిందా, చక్రం దిగలేదా తేల్చుకోవడంలో కాక్‌పిట్ మొత్తం మునిగిపోయింది. ఎత్తును నిలిపి ఉంచాల్సిన ఆటోపైలట్ వదులైన సంగతి ఎవరూ గమనించలేదు. విమానం మెల్లగా దిగుతూ ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలో కూలింది. 101 మంది పోయారు. చక్రానికి ఏమీ కాలేదు, మాడింది బల్బే.

జాబితా చూసి ఎగరడమనే పద్ధతి కూడా ఒక కూలిన విమానం నుంచే పుట్టింది. 1935 అక్టోబర్ 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 లేచీ లేవగానే పడిపోయింది. తోక దగ్గరి పలకలు నేల మీద గాలికి ఊగకుండా వేసే తాళం తియ్యడం మరిచారు. నడిపిన మేజర్ ప్లోయర్ హిల్ ఆ పనిలో ఆరితేరినవాడు. అంతటివాడే మరిచాడంటే మనిషి జ్ఞాపకాన్ని నమ్మకూడదని అప్పుడు కాగితం మీద జాబితా రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ కాగితం ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్క లేదు. అలాంటి కాగితాల్లోనే నల్లమల మీద ఆ ఇద్దరు వెతికారు. కాపాడే పుస్తకమే కళ్ళకు గంతలైంది. నాకు తెలిసిన విషాదాల్లో ఇంత క్రూరమైన మలుపు ఇంకొకటి లేదు.

మన తెలుగువాళ్ళను ఆకాశం 2000 తర్వాతి పదేళ్ళలో పదే పదే ఏడిపించింది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరిన నటి సౌందర్య, ఆమె అన్న అమరనాథ్ బెంగళూరు జక్కూరులో విమానం లేచిన కాసేపటికే పోయారు. ఒక్కోదానికి ఒక్కో కారణం. వాటి జోలికి ఇక్కడ పోను.

ఇప్పుడు మా పాణ్యం ఆకాశం 2009 నాటిది కాదు. ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం తెరిచారు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఓర్వకల్లును డ్రోన్ల కేంద్రంగా చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. కర్నూలు దగ్గరి డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రంలో 2025 ఏప్రిల్ 13న లేజర్ కిరణంతో డ్రోన్లను కాల్చి పడగొట్టి చూపించారు. గని, శకునాల ఊళ్ళ దగ్గర కనుచూపు మేరంతా సోలార్ పలకలు. పిన్నాపురం కొండల్లో నీళ్ళను పైకెత్తి కరెంటు తీసే భారీ కట్టడం. చేలల్లో మందు కొట్టడానికి డ్రోన్లు వస్తున్నాయి, పెళ్ళి ఊరేగింపు మీద డ్రోన్ లేకపోతే వీడియోగ్రాఫర్‌కు గిరాకీ లేదు. ఇంటర్ చదివే పిల్లలు కూడా పుట్టినరోజుకు డ్రోన్ కావాలంటున్నారు. పిల్లల మీద నాకు కోపం లేదు. ఎగరాలన్న కోరిక చాలా గొప్పది. గోరకల్లు నీళ్ళను మొదటిసారి పైనుంచి చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. నేను పుట్టిన నేల అంత అందంగా ఉంటుందని యాభై ఏళ్ళ దాకా తెలియలేదు.

అందుకే వాళ్ళకు నిజం చెప్పాలి. జాగ్రత్తగా ఎగరేస్తే డ్రోన్ పడదా? పడుతుంది. తక్కువసార్లు పడుతుంది, అంతే. నిట్టనిలువుగా వేగంగా దించితే తన రెక్కలు తోసిన గాలిలోనే మునిగి తూలుతుంది. మా మే నెల ఎండలో బ్యాటరీ వేడెక్కితే మనం నమ్ముకున్న లెక్క కంటే ముందే చేతులెత్తేస్తుంది. ఇనుప కడ్డీలున్న కాంక్రీటు మీద నుంచి లేపితే దిక్సూచి మొదట్లోనే తప్పుతుంది. కరెంటు తీగ కెమెరాకు కనబడదు. గద్ద తన హద్దులోకి వచ్చిందని కాళ్ళతో తంతుంది. ఇవన్నీ నేర్చుకోవచ్చు, ఒక్కోదానికి ఒక్కో మందుంది. మెడ వంగడానికే మందు దొరకడం కష్టం. ఎందుకంటే ఆ క్షణంలో నువ్వు తప్పు చేస్తున్నట్టు ఉండదు. అందరికన్నా శ్రద్ధగా పని చేస్తున్నట్టే ఉంటుంది.

పైలట్లు మొదటి రోజు నేర్చుకునే వరస ఒకటుంది. ముందు నడుపు, తర్వాత దారి చూడు, ఆ తర్వాతే మాట్లాడు. బెల్ 430లో ఇద్దరున్నారు. ఒకరు పుస్తకం చూస్తే ఒకరు కిటికీ చూడాలి. నాలుగు కళ్ళూ ఒకే పేజీ మీద పడ్డాయి. నా దగ్గరైతే రెండు కళ్ళే ఉన్నాయి, అవి రెండూ తెర మీదే. గుట్ట మీద గొర్రెలు కాసే పిల్లాడి కళ్ళు మాత్రం ఉండాల్సిన చోట ఉన్నాయి. వాడిని నేను పక్కన నిలబెట్టుకుని ఉంటే "అన్నా, రాతి మీదికి పోతాంది" అని ఒక్క కేక వేసేవాడు. రిమోట్ మీది కర్రను వెనక్కి లాగడానికి ఒక్క సెకను చాలు.

పోయినేడాది నల్లకాల్వ వెళ్ళాను. ఆత్మకూరు దగ్గర, అడవి మొదలయ్యే చోట, రాజశేఖర రెడ్డి పేరిట స్మృతివనం ఉంది. బాగుచేయించిన డ్రోన్ సంచిలోనే ఉంది, బయటికి తియ్యలేదు. అక్కడి నుంచి పులుల అడవి మొదలవుతుంది, ఎగరేయకూడదు. ఎగరేయొచ్చని రాసి ఉన్నా ఆ చోట నా చెయ్యి లేచేది కాదు. ఒక పెద్దావిడ మనవడికి చెయ్యెత్తి కొండల వైపు చూపిస్తోంది. "ఆడ్నే పడిపోయినాడంట నాయనా, ఆ మబ్బుల కింద." వాడు కొండలను కాసేపు చూసి, మబ్బులను అంతకన్నా ఎక్కువసేపు చూశాడు.

మీరు ఈ వైపు డ్రోన్ తెచ్చుకుంటే ఒంటరిగా రావద్దు. తమ్ముడో, చెల్లో, పక్కింటి పిల్లాడో, ఎవరినైనా వెంట తెచ్చుకోండి. వాళ్ళకు తెర చూపించకండి. ఆకాశాన్నే చూస్తూ ఉండమని చెప్పండి, అరవాల్సి వస్తే గట్టిగా అరవమనండి.